అక్క అడగమన్న ఒక్క మాట: బోన్ నుంచి సాంత్నే దాకా సైకిలు మీద

ఫ్రాన్సుకు వెళ్లి ఆరు రోజులు సైకిలు తొక్కి వచ్చానంటే మైలార్‌దేవ్‌పల్లిలో మా వీధివాళ్లు నమ్మలేదు. ఫ్రాన్సు సంగతి నమ్మారు, సైకిలు సంగతే నమ్మలేదు. వాళ్ల తప్పు లేదు. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పిన నన్ను వాళ్లు చూసిందంతా కుర్చీలోనే. రిటైరయ్యాక నేను చేస్తున్న కసరత్తు ఏదైనా ఉందంటే అది పొద్దున్నే పేపరు మడత విప్పడం.

అయినా కోరిక కోరికే. ద్రాక్షతోటల మధ్య సన్నటి దారి, దాని మీద నింపాదిగా సైకిలు, బుద్ధి పుట్టిన చోట ఆగడం. ఈ బొమ్మ ఎక్కడో పత్రికలో చూసినప్పటి నుంచి మనసులో పెడలు తిరుగుతూనే ఉంది. మా ఆవిడ సరళను అడిగాను.

"మేడ మెట్లెక్కెటందుకే నా మోకాళ్లు మొరాయిస్తున్నయ్, నాకు సైకిలేంది?" అంది. "అంగూర్ తోటలంటె మీ అక్కకు పాణం. ఆమెను తీస్కపో."

అక్క పేరు బాలమణి. అరవై ఐదేళ్లు. ఉండేది సాతంరాయిలో. ఒకప్పుడు శంషాబాద్ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే ఉండేవి. పందిళ్లు ఇప్పుడూ ఉన్నాయి, కాకపోతే ఫంక్షన్ హాళ్లలో. అసలు పందిరి మిగిలిన కొద్దిచోట్లలో అక్క ఎకరం ఒకటి. బావకు వరి మీద ప్రేమ. ద్రాక్ష మాత్రం అక్క సొత్తు. ముప్పై రెండేళ్ల కింద ప్రతి మొక్కా తన చేత్తో నాటింది. ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు తనే చేస్తుంది. పక్క ఊళ్లవాళ్లు కూడా తమ తీగ ఎక్కడ కొయ్యాలో అక్కను అడిగి కోసేవారు.

రెండేళ్లుగా కాపు పడిపోయింది. గుత్తులు బొటనవేలంత. కాండాలకు పురుగు తొలిచిన బెజ్జాలు. చూసిన ప్రతివాడూ పీకెయ్యమన్నాడు. వినీ వినీ అక్క, శంషాబాద్‌లో జేసీబీ నడిపే ఖలీల్‌కు చెప్పింది. మేం తిరిగొచ్చిన వారంలో అతను వచ్చి తోట మొత్తం పెకిలించాలి. చెప్పిందే గాని ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదని బావ నాకు ఫోన్ చేశాడు.

ఫ్రాన్స్ మాట ఎత్తగానే అక్క ఒక షరతు పెట్టింది.

"వస్త. గక్కడోళ్లు వందల ఏండ్ల సంది అంగూరే పండిస్తున్నరంటివి గద. తోట ముసలిదైతే ఏం జేస్తరో అడగాలె. వాళ్లు జెప్పినట్టే జేస్త."

"పీకమంటే?"

"పీకుత."

"ఉంచమంటే?"

"ఉంచుత. నువ్వు సక్కగ అడుగు, సక్కగ జెప్పు. గంతే."

అడగడం, చెప్పడం. నాకు అప్పగించిన పనులు రెండే. వాటిలో ఒకటి బాగానే చేశాను.

బోన్

వీసా సంగతి, విమానం సంగతి రాయను. వరసలో నిలబడటం ఎలాగో మీకూ తెలుసు. రైలు దిగి బోన్ అనే ఊళ్లో అడుగుపెట్టేసరికి జూలై నెల, మనకు ఆషాఢం. స్టేషన్ బోర్డు మీద ఊరిపేరు చదివి వినిపించాను.

"ఆషాఢంల బోనం ఎత్తకుండ నన్ను బోన్‌కు తెస్తివి. అమ్మవారు ఊకుంటదా?" అంది అక్క. ఆ తర్వాత వీధిలో ఎదురైన ప్రతివాళ్లూ "బోంజూర్" అంటుంటే కొంత శాంతించింది. ఇక్కడా ఏదో బోనాల జోరు ఉందనుకుందాం అన్నాను. నవ్వలేదు. నా చమత్కారాలకు అక్క నవ్వి నలభై ఏళ్లయింది.

సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణంలో కుర్రకారంతా బ్యాటరీ సైకిళ్లు తీసుకుంటున్నారు. దుకాణదారు నా పొట్ట చూసి మారుమాట లేకుండా బ్యాటరీ సైకిలు తెచ్చి పెట్టాడు. అక్కకూ అలాంటిదే తెస్తే చేయి అడ్డం ఊపింది.

"బ్యాటరీ ఉంటె గది సైకిలెట్లయితది? మోపెడైతది. నాకు ఉత్తదే ఇయ్యమను."

పెళ్లికి ముందు అక్క ద్రాక్ష గంపలు వెనక కట్టుకుని శంషాబాద్ దాకా సైకిలు మీద పోయేది. నాకు సైకిలు నేర్పిందీ తనే. నేర్పడమంటే తోసెయ్యడం. దుకాణం మూలకు పోయి చీర కుచ్చెళ్లు వెనక్కి దోపి గోచీ కట్టుకుని వచ్చింది. నాట్లకు దిగే ఆడవాళ్ల కట్టు అది. దుకాణదారు ఒక్క నిమిషం చూసి, ఇంతవరకు ఇంత తెలివైన సైకిలు బట్టలు చూడలేదన్నాడు. నేను అక్కకు చెప్పాను.

"గా మాట నిజంగ అన్నడా, నువ్వు కలిపినవా?"

"నిజంగానే అన్నాడక్కా."

ఆ ప్రశ్న అప్పుడే నాకు హెచ్చరికలా వినిపించి ఉండాల్సింది.

బోన్ సంతలో అక్కకు బాగా నచ్చింది ఆవపిండి. రకరకాల జాడీల్లో ముద్దలుగా ఉన్న ఆవాలను వేలితో రుచి చూసి, "మనది ఆవకాయల పడ్డంక ఘాటు, వీళ్లది గిన్నెలనే ఘాటు" అని తేల్చింది. కాఫీ మాత్రం ఇద్దరికీ నచ్చలేదు. ఉగ్గుగిన్నెంత కప్పు, రెండున్నర యూరోలు. నేను వెంటనే రూపాయల్లోకి మార్చాను. బ్రెడ్డు తెచ్చినా మార్చాను, నీళ్లు తెచ్చినా మార్చాను. మధ్యాహ్నానికి అక్క వేలెత్తింది.

"ఇగ బంద్ చెయ్ నీ గుణకారం. తిన్నది ఒంటికి పడుతలేదు."

లెక్కల మాస్టారుకు అంతకంటే కఠినశిక్ష లేదు. ఆ తర్వాత మనసులోనే గుణించుకున్నాను.

పొమ్మార్

బోన్ దాటగానే తోటలు మొదలు. దారికి రెండు వైపులా కొండవాలు మీద దువ్విన జుట్టులా వరసలు. అక్క సైకిలు ఆపి అలాగే నిలబడిపోయింది.

"గిదేందిరా నర్సిం, అంగూర్ చెట్లా, మిర్ప చెట్లా?"

మన దగ్గర ద్రాక్ష తల మీద పందిరి. నిలువునా పాతిన రాతి కడీలు, పైన ఇనుప తీగెలు, కింద నీడ. తలెత్తి కొయ్యాలి. ఇక్కడ తీగ నడుము దాటదు. కొయ్యాలంటే వంగాలి. పంటకు మనం తలెత్తుతాం, వాళ్లు తల వంచుతారు, మెడ నొప్పి మనకైతే నడుం నొప్పి వాళ్లకు అన్నాను. అక్క అప్పటికే వంగి కాండం తట్టి చూస్తోంది.

ఆ దారిలో నన్ను భయపెట్టింది ఒక్కటే, హారన్ లేకపోవడం. ఊళ్లో ప్రాక్టీసుకని గగన్‌పహాడ్ దాకా రెండుసార్లు తొక్కాను. లారీవాళ్లు నా గురించి నాకే హారన్‌తో చెబుతుంటారు. ఇక్కడ ఒక కారు మా వెనక చాలాసేపు చప్పుడు లేకుండా వస్తోంది. దొంగలేమో అనుకుని వేగం పెంచాను. వాళ్లూ పెంచారు. చివరికి దారి వెడల్పయిన చోట పక్కనుంచి మెల్లగా దాటుతూ లోపలి ముసలాయన చేయి ఊపి బోంజూర్ అన్నాడు. పాపం, దారి కోసం అంతసేపూ ఓపిక పట్టాడు. నేను ఆయనను దొంగనుకున్నాను.

మొదట ఆగిన ఊరు పొమ్మార్. పేరు విని పొమ్మంటారేమో అనుకున్నాను గాని రమ్మనే అన్నారు. ఒక నేలమాళిగలో అయిదు రకాల వైను రుచి చూపిస్తారు. వరసగా గ్లాసులు, పక్కన ఒక లోహపు చెంబు. జనం వైను నోట్లో పోసుకుని, పుక్కిలించి, చెంబులో ఉమ్ముతున్నారు.

"గంత ఖరీదు బెట్టి ఉమ్ముడేంది?" అంది అక్క. "మనూళ్లె కల్లు ఉమ్మితె గీసినోడు మల్ల మొకం జూడడు."

అక్క ఉమ్మలేదు. ఒక్కో గుక్క మింగి, అయిదో గ్లాసు దగ్గర తీర్పు చెప్పింది. "మంచిగనే ఉన్నది. కని కల్లు మనతోని మాట్లాడుతది. గిది మనను పరీక్ష బెడ్తది."

అక్కడ గోడ మీది సీసాలు చూస్తుంటే ఒక సంగతి తెలిసింది. కొన్నింటి మీద ఫ్రెంచిలో 'ముసలి తీగలు' అని గొప్పగా అచ్చేసి ఉంది. వాటి ధర కూడా ఎక్కువ. మన దగ్గర ముసలి అనే మాట రాయితీ అడగడానికి పనికొస్తుంది, ఇక్కడ ధర పెంచడానికి. సరదాకి అక్కతో అన్నాను. అక్క ఆ సీసాను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

వొల్నే మీదుగా

రెండో రోజు వొల్నే చేరేసరికి పన్నెండున్నర. అన్ని దుకాణాలూ మూసేశారు. ఇక్కడ మధ్యాహ్నం భోజనమంటే అమ్మేవాళ్ల భోజనం, కొనేవాళ్లది కాదు. రొట్టెల దుకాణం అద్దంలోంచి రొట్టెలు మా వైపు చూస్తున్నాయి. అక్క సంచిలో ఎల్లిపాయ కారం డబ్బా ఉంది. కారముంది, రొట్టె లేదు. రొట్టె ఉన్నవాళ్లు తలుపేసుకున్నారు. ఊరి మధ్య కుళాయి దగ్గర నీళ్లు తాగి, అరచేతిలో చిటికెడు కారం వేసుకుని నాకుతుంటే ఒక పిల్లి వచ్చి చూసి, జాలిపడి పోయింది.

ఆ ఆకలితోనే వొల్నే దాటి, మేం నాలుగు రాత్రులకు గది తీసుకున్న ఇంటికి చేరాం. ఊరి పేరు రాయను. ఇంటావిడకు మొహమాటం ఎక్కువ. ఆమె పేరు ఒదీల్. డెబ్భై రెండేళ్లు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ముందు జేబులో తీగలు కత్తిరించే కత్తెర. చిన్న తోట తనదే, పని కూడా చాలావరకు తనదే. అతిథుల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెది, పాఠ్యపుస్తకంలో నేర్చుకున్నది నాది. రెండూ ఎక్కడో ఒకచోట కలిసేవి.

మా ముఖాలు చూడగానే ఒదీల్ పళ్లెం నిండా చీజు వేసి చేసిన పుణుకులు తెచ్చి పెట్టింది. లోపలంతా గుల్ల, గాలి తింటున్నట్టుంటుంది. నేను పద్నాలుగు తిన్నాను. అక్క తినకుండా ఒదీల్ జేబులోని కత్తెరనే చూస్తోంది. ఒదీల్ అది గమనించి తీసి చేతికిచ్చింది. అక్క రెండుసార్లు ఆడించి, స్ప్రింగు చూసి, పదును బొటనవేలి మీద చూసి, తల ఊపి తిరిగిచ్చింది. ఇద్దరు వైద్యులు స్టెతస్కోపులు మార్చుకున్నట్టుంది.

"ఈమె పేరేంది?"

"ఒదీల్."

"వదినెనా? మంచిగున్నది."

అంతే, ఆరోజు నుంచి ఆమె వదినె. మా ఇంట్లో అక్కకు వదినె వరస అయ్యేవాళ్లే లేరు. ఆ కొరత ఫ్రాన్సులో తీరింది.

కింద పడ్డ గుత్తులు

మూడో రోజు పొద్దున తోటలో అక్క కేక విని పరుగెత్తాను. ఒదీల్ వరస వెంట నడుస్తూ పచ్చి గుత్తులను కత్తిరించి నేల మీద వదిలేస్తోంది. తెగుళ్లు లేవు, ఎండినవి కావు. నిక్షేపంలాంటి గుత్తులు.

"అయ్యో వదినె! ఏం జేస్తున్నవ్? ఆపు, ఆపు!" అని అక్క ఆమె చేయి పట్టుకుంది.

నేను మధ్యలో దూరి అడిగాను. ఒక్కో తీగకు కొన్ని గుత్తులే ఉంచితే వాటికి రుచి పడుతుందని, మిగతావి ముందే తీసేస్తామని ఒదీల్ చెప్పింది. అక్కకు చెప్పాను.

"మేము గుత్తికి కొన్ని కాయలు తీస్తం, గుత్తి వదులుగ గావాలని. గుత్తులకు గుత్తులు నేల పాల్జేస్తమా?" అంటూనే అక్క కొంగు విప్పింది. వరస వెనకాలే నడుస్తూ పడ్డ ప్రతి గుత్తీ ఏరింది. ఒదీల్ కత్తిరించడం, అక్క ఏరడం. వరస చివరికి వచ్చేసరికి కొంగు నిండి నా సైకిలు బుట్ట కూడా నిండింది. వద్దని పారేసింది ఇంకొకరు ఏరుకోవడం నేరమేమోనని నాకు లోపల గుబులు.

ఆ మధ్యాహ్నం ఒదీల్ వంటింట్లో అక్క ద్రాక్షకాయ తొక్కు నూరింది. రోలు లేదు. ఒదీల్ ఆవాలు నూరే రాతిగిన్నె ఇచ్చింది. పచ్చిద్రాక్ష, మా ఎల్లిపాయ కారం, ఉప్పు, పైన నూనెలో వేసిన జీలకర్ర. చింతకాయ తొక్కుకు చెల్లెలు అనుకోండి. ఒదీల్ రొట్టె ముక్కకు రాసుకుని కొరికింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. నేను నీళ్ల గ్లాసు అందించబోతే తోసేసి, రెండో ముక్కకు ఇంకా మందంగా రాసుకుంది. తర్వాత లోపలికి వెళ్లి ఒక పాత సీసా తెచ్చింది. వాళ్ల నాయనమ్మ ఈ పచ్చికాయల పులుసు రసం తీసి కోడికూరలో పోసేదట. తనకిప్పుడు తీరిక లేక మానేసిందట.

"జూసినవా?" అంది అక్క నాతో. "నాయనమ్మకు తెలివున్నది. మనుమరాలే మరిచింది."

ఆ తృప్తిలోనే చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అక్క ఆ మాట ఎత్తింది.

"ఇప్పుడడుగు. అంగూర్ చెట్టు ముసలిదై కాపు తగ్గితె వీళ్లేం జేస్తరు?"

ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఉంది. అక్క దాన్ని నమ్మదు, మిషన్‌కు వరసలు తెలియవంటుంది. తమ్ముణ్ణి నమ్మింది. నేను ఒదీల్‌ను సరిగ్గానే అడిగాను. ఆమె తడుముకోకుండా చెప్పింది. "నలభై, యాభై ఏళ్లు చూస్తాం. తీగ బలంగా ఉంటే ఇంకా ఉంచుతాం. జబ్బుపడి కాపు పోతే పీకేస్తాం. పోయిన చలికాలం ఒక మడి పీకించాను."

అక్క నా ముఖంలోకి చూస్తోంది. పరీక్ష ఫలితాల రోజు బడి గేటు దగ్గర తల్లులు అలాగే చూసేవారు. ఆ చూపు ముందు నిజం చెప్పే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. "మీవాడు తెలివైనోడేనమ్మా, జర శ్రద్ధ పెట్టాలె" అని ముప్పై నాలుగేళ్లు చెప్పిన నోరు ఇది.

"ఇక్కడ ముసలి తీగకు మర్యాద చాలా ఎక్కువక్కా," అన్నాను. "సీసా మీద పేరు కూడా వేస్తారు. చూశావుగా."

అబద్ధం కాదు. అడగని ప్రశ్నకు సరైన జవాబు. నా విద్యార్థి ఎవరైనా అలా రాస్తే సున్నా వేసేవాణ్ణి.

అక్క అక్కడికక్కడే ఖలీల్‌కు ఫోన్ కలిపింది.

"ఖలీలూ, జేసీబీ తేకు. తోట ఉంచుతున్న."

"పక్కానా బాలమణక్కా? నేను ఇంకో గిరాకీకి మాటియ్యాలె మరి."

"పక్కా. గీ దేశమోళ్లే జెప్పిన్రు."

ఆ సాయంత్రం అక్క రెండు రొట్టెలు ఎక్కువ తిన్నది. నేను రెండు తక్కువ తిన్నాను.

కట్టెల కుప్ప

నాలుగో రోజు మెర్సో దాకా తొక్కి వచ్చాం. దారి చదును, ఎండ మెత్తన, గాలి వెనకనుంచి. ఇంతకంటే మంచి సైకిలు రోజు ఉండదు. అయినా నాకు పెడలు బరువుగా తోచింది. బ్యాటరీ అయిపోయిందేమో చూశాను. నిండుగానే ఉంది. అక్క పాట పాడుతూ ముందు పోతోంది. ఇంటికెళ్లాక కాండాలకు మందు ఎట్లా పూయాలో, ఏ కొమ్మను ఎట్లా మలపాలో వెనక్కి తిరిగి కేకేసి చెబుతోంది. ప్రతి కేకకూ నేను "ఊ" కొట్టాను.

అయిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం ఒదీల్ మమ్మల్ని భోజనానికి పిలిచింది. పెరట్లో ఇనుప జల్లెడ మీద కోడి కాల్చింది. కట్టెలు అందించబోయిన అక్క షెడ్డు వెనక కుప్ప దగ్గర ఆగిపోయింది. చేతికి ఒక మొద్దు తీసుకుంది. తిప్పి చూసింది. బెరడు ఒలిచి వాసన చూసింది.

"నర్సిం, ఇటు రా."

వెళ్లాను.

"ఇవి అంగూర్ మొదళ్లు. యాభై ఏండ్లయి. ఎండి పడిపోయినయి గావు, ఏర్లతోని పీకినయి. ఎవ్వలు పీకిన్రు?"

నేను జల్లెడ మీది కోడి వైపు చూశాను.

"మొన్న వదినె ఏం జెప్పింది? నిజంగ ఏం జెప్పింది?"

చెప్పాను. ఒదీల్ అన్న మాటలు ఒక్కటి కూడా తగ్గించకుండా, వరసగా. అక్క మొద్దును కుప్ప మీద పెట్టి, చేతులు దులుపుకుంది.

"బళ్లె పోరగాళ్లకు గూడ గిట్లనే జెప్పినవా?"

"అన్ని లెక్కలూ కాదక్కా."

"నేను అడిగింది లెక్కనే. ఒక్కటే లెక్క. గంతమంది పీకుమన్నా ఇనక, నిన్ను నమ్మి ఖలీల్‌ను వద్దంటి. నీకు నా మీద ప్రేమ, పావురమున్నదని నాకెర్కనే. నాకు పావురం గాదు, జవాబు గావాలె."

"నువ్వు బాధపడతావని..."

"రెండేండ్ల సంది పడుతనే ఉన్న. నువ్వు జెప్తె కొత్తగ పడుతనా? ఇగ నువ్వు నడుమల రాకు."

అక్క వెళ్లి, కోడిని తిప్పుతున్న ఒదీల్ చేయి పట్టుకుంది. కుప్ప చూపించింది. తన గుండె మీద చేయి వేసుకుని, వేళ్లతో ముప్పై రెండు చూపించి, భుజాలు ఎగరేసి, అరచేతులు తెరిచింది. భాష లేదు. ప్రశ్న మాత్రం నాకంటే స్పష్టంగా అడిగింది. ఒదీల్ ఒక్క క్షణం చూసి, కోడిని జల్లెడ మీద నాకు వదిలేసి, అక్కను తోటలోకి తీసుకుపోయింది.

నేను కోడి తిప్పుతూ దూరం నుంచి చూశాను. ఇద్దరూ మొదట ఒక ఖాళీ మడి దగ్గర ఆగారు. వరసలు లేవు, తీగలు లేవు. మోకాలెత్తు గడ్డి, అందులో ఏవో పసుపు పూలు. ఒదీల్ మూడు వేళ్లు చూపింది. తర్వాత చెంప కింద చేయి పెట్టుకుని నిద్రపోతున్నట్టు నటించింది. అక్కడి నుంచి ఇంకో మడికి పోయారు. అక్కడ జానెడు మొక్కలు, ఒక్కోదానికి చుట్టూ చిన్న గొట్టం. ఒదీల్ మొక్కను చూపి తనను చూపించుకుంది, నడుం పట్టుకుని ముసలిదానిలా నాలుగడుగులు వేసింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వడం వినిపించింది. కోడి ఒకవైపు మాడింది.

తిరిగొచ్చి అక్క నా ఎదురుగా కూర్చుంది.

"నేను జెప్త, విను. వదినె పీకుతది. పీకినంక మూడేండ్లు భూమిని పండుకోనిస్తది. గడ్డి, పూలు మొలిపిచ్చి దున్నుతది. గప్పుడు కొత్తయి నాటుతది. డెబ్భై రెండేండ్ల మనిషి మొన్ననే ఒక మడి నాటింది. ఎవ్వలు తింటరని అడిగిన. నోరు దిక్కు చెయ్యి వెట్టి, నేనే తాగుత అన్నది."

ఈసారి అనువాదం నాకు జరిగింది. అనుమానించాల్సిన అవసరం లేకుండా జరిగింది.

"అందరు పీకు, పీకు అన్నరు," అంది అక్క. "పీకినంక ఏం జెయ్యాలెనో ఒక్కడన్న జెప్పిండా? పీకుడంటె ఇగ అయిపోయిందనే అనుకున్న. నాకు గదే భయం. చెట్టు పోతదని గాదు."

మాడిన వైపు నేను తిన్నాను.

సాంత్నే

ఆరో రోజు దారి సాంత్నేలో ఆగిపోతుంది. ఒదీల్ తొక్కు సీసా నిండా ఉంచుకుని, అక్కకు తన కత్తెర ఇచ్చి పంపింది. అక్క నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ముందు తను, వెనక నేను. ఎత్తు వచ్చిన చోట నా బ్యాటరీ సైకిలు సులువుగా ముందుకు పోగలదు. పోనివ్వలేదు. ఆమె దిగి నడిచిన చోట నేనూ దిగి నడిచాను. రెండు మూడు ఎత్తులయ్యాక అక్క వెనక్కి తిరిగింది.

"నువ్వెందుకు దిగుతున్నవ్? నీది మోపెడు గద."

అది క్షమాపణ అంగీకరించడం కాదు. కానీ మాట.

సాంత్నే ఊరి నడిమి చౌకులో ఒక బెంచీ మీద కూర్చుని ఖలీల్‌కు ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టి, నన్ను వినమన్నట్టు మధ్యలో ఉంచింది.

"ఖలీలూ, జేసీబీ తేవాలె."

అటువైపు ఇంజను ఆపిన చప్పుడు.

"అక్కా, ముందుగాల రమ్మంటివి. మల్ల వద్దంటివి. ఇప్పుడు మల్ల రమ్మంటివి. నువ్వు ఫ్రాన్స్‌ల ఉన్నవా, ఉయ్యాలల ఉన్నవా? నన్ను పరేషాన్ జేస్తున్నవ్."

"ఇదే ఆఖరు మాట. కని ఇప్పుడు గాదు. దసరా దాటినంక. కత్తిరింపు అప్పుడు కొత్తగ నాటెటందుకు మంచి కొమ్మలు కోసుకుంట. కోసుకున్నంక రా. కడీలు ముట్టొద్దు, పైన తీగెలు తెంపొద్దు. కింద చెట్లే తియ్యాలె."

"కడీల నడుమ మిషన్ తిప్పుడు మస్తు కష్టమక్కా."

"కష్టమనే నిన్ను పిలిచిన. ఊకె పీకేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

ఖలీల్ నవ్వి, సరే అన్నాడు. అక్క ఫోన్ సంచిలో వేసుకుని, వేళ్ల మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది. అరవై ఐదు, ఇంకో మూడు, ఆ మీద కాపుకు రెండు. డెబ్భై దగ్గర ఆగి, ఎదురుగా కొండవాలు మీద వరసల వైపు చూసింది.

"వదినె కంటె చిన్నదాన్నే," అంది.

సాతంరాయి

ఇది రాస్తున్నది దసరా వెళ్లాక. పేర్లు దగ్గరగా ఉన్నా సాంత్నేకూ సాతంరాయికీ ఉన్న తేడా చెప్పనక్కరలేదు. అక్కడ తొమ్మిది ఊళ్లలో కలిపి విన్న హారన్లు ఇక్కడ అక్క ఇంటి గుమ్మంలో ఒక్క నిమిషంలో వినిపించాయి. హాయిగా ఉంది.

ఖలీల్ రావడానికి ముందు నాలుగు రోజులు అక్క తోటలోనే ఉంది. ఒదీల్ కత్తెరతో ప్రతి చెట్టు దగ్గరా నిలబడింది. బలమైన వాటినుంచి పెన్సిల్ మందం కొమ్మలు, నాలుగేసి కణుపులుంచి ముక్కలు కోసింది. జబ్బు చెట్టును ముట్టలేదు. దాని దగ్గర కూడా కాసేపు నిలబడింది. ముక్కలన్నీ ఇసుక, ఎరువు కలిపిన మట్టి సంచుల్లో గుచ్చి వరండా నిండా పేర్చింది. బావ వడ్లు ఆరబోసుకునే చోటు లేక గొణుగుతూ ఇంటి వెనక్కి పోయాడు.

ఖలీల్ యంత్రాన్ని కడీల మధ్య ఎంత నెమ్మదిగా తిప్పాడంటే, ఒక్క రాయి కూడా కదల్లేదు. మొదటి చెట్టు వేర్లతో లేచినప్పుడు అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోదానికి పెట్టుకోలేదు. సాయంత్రానికి కింద ఎర్రమట్టి, పైన ఉత్త ఇనుప తీగెలు మిగిలాయి. ముప్పై రెండేళ్లలో మొదటిసారి ఆ నేల మీద నిండా ఎండ పడింది. అన్నేళ్లూ ఆ పందిరి నీడనే చూసిన నాకు అక్కడి నుంచి ఆకాశం కనిపిస్తుందని తెలియదు. విమానం ఒకటి చాలా కిందుగా, చక్రాలు దించుకుని పోయింది. ఖలీల్ చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. అక్క చూడలేదు. మట్టి పిడికెడు తీసి నలిపి చూస్తోంది.

మర్నాడే జనుము చల్లించింది. అది పెరిగితే దున్నేస్తుందట, మళ్లీ చల్లుతుందట. మూడేళ్లు నేలకు అదే పని. అందాకా మొక్కలు సంచుల్లోనే.

మొన్న వెళ్లినప్పుడు సంచుల్లో సగానికి పైగా చిగుళ్లు కనిపించాయి. ఒక్కో సంచి ముందు వంగి అక్క ఎండినవి ఎండినట్టే పక్కకు తీసేస్తోంది.

"ఇది బతుకుతుందిలే అక్కా," అన్నాను ఒకదాన్ని చూసి, అలవాటు చొప్పున.

అక్క కణుపు దగ్గర గోటితో గీరి చూసింది. లోపల నల్లగా ఉంది. నాకు చూపించి పక్కకు విసిరేసింది.

"మల్ల సదువుకో," అంది. తర్వాత నీళ్ల డబ్బా నా చేతిలో పెట్టింది. "మూడేండ్లకు గుంతలు తియ్యాలె. అప్పుడు రా."

"అప్పటికి నాకు అరవై నాలుగక్కా."

"అయితె ఇప్పటిసందే తవ్వుడు నేర్చుకో."